దాయాదులు కాకముందు

తెలుగులో ‘దాయాది’ అనే మాట ఒకటి ఉంది. దాయం అంటే తాత తండ్రుల నుండి సంక్రమించే సొత్తు. ఆ సొత్తులో పాలుగలవాడు దాయాది. ఆ లెక్కన పెదనాన్న పిల్లలూ చిన్నాన్న పిల్లలూ దాయాదులే. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. కాని వాడుకలో ఆ మాటకు పగవాడు అనే అర్థమే స్థిరపడింది. భారత, పాకిస్తాన్ జట్లు క్రికెట్ ఆడే రోజున మన దినపత్రికలు ‘దాయాదుల పోరు’ అని శీర్షిక పెడతాయి. చదివేవారెవరూ తడుముకోరు. ఒక తాత మనవలు ఏనాటికైనా వైరులు కాక తప్పదని భాష ముందుగానే తీర్పు చెప్పి కూర్చున్నదా అనిపిస్తుంది.

మన ఇళ్ళలో వినిపించే ఉర్దూ మాటల్లో ఈ తీర్పు లేదు. చచాజాద్, ఫూఫీజాద్, మామూజాద్, ఖాలాజాద్ అని ఎవరి బిడ్డో చెప్పి, చివర భాయి అనో బహెన్ అనో చేర్చి ఊరుకుంటాయి. ఇప్పటి పిల్లల నోట అవీ లేవు, తెలుగు వరుసలూ లేవు. ‘కజిన్’ అన్న ఒక్క మాట అందరినీ ఒకే గాటన కట్టేసింది. ఆ కజిన్ ఫుప్పు కొడుకా, ఖాలా కొడుకా అని అడిగితే పిల్లలు తల్లి ముఖం చూస్తారు. నాగోల్‌లో ఒకే ఇంటి నీడన కలిసి పెరిగిన 19 మంది పిల్లలలో మేమూ ఉన్నాం. వారిలో ఎవరు దాయాదులయ్యారో, ఎవరు భాయి బహెన్‌లుగానే మిగిలారో, ఎందువల్లనో ఇన్నేళ్ళ తర్వాత ఒకసారి వివరంగా రాయాలనిపించింది.

ఇప్పుడు నాగోల్ అంటే మెట్రో రైలు బయలుదేరే చోటు. 2017 నవంబరు చివరివారంలో నగరంలో తొలి మెట్రో పరుగు తీసినప్పుడు ఒక కొస మియాపూర్ అయితే రెండో కొస నాగోల్. 1980 తర్వాతి సంవత్సరాలలో మేము ఎరిగిన నాగోల్ రంగారెడ్డి జిల్లాలోని ఒక పల్లె. ఒకవంక మూసీ, మరొకవంక ఎల్బీనగర్ నుండి ఉప్పల్‌కు పోయే దారి. ఆ చుట్టుపట్ల ద్రాక్షతోటలుండేవి. పొడుగాటి ఆకుపచ్చ గింజల అనాబ్‌షాహీ ద్రాక్షకు హైదరాబాదు శివార్లు పెట్టింది పేరు. నగరమంతటి మురుగునూ మోసుకుని వచ్చే మూసీ ఒడ్డున వరి బదులు పశువుల గడ్డి పెంచేవారు. తెల్లవారుజామునే స్త్రీలు ఆ గడ్డి కోసి, మోపులు కట్టి, బర్రెల దొడ్లకు పంపేవారు. ఆ మోపుల పచ్చి వాసన, నది వాసన కలిసి ఒక రకంగా ఉండేది. నగరం నుండి వచ్చిన పిల్లలు మొదటి రెండు రోజులు ముక్కు మూసుకునేవారు. మూడోనాటికి వారికీ తెలిసేది కాదు.

మా దాదాజాన్ ఇల్లు 500 గజాల స్థలంలో ఉండేది. ముందు దాలాన్, మధ్యలో సహన్, సహన్‌లో వేపచెట్టు, చెట్టు కింద నీళ్ళ రంజన్, వెనుక చేదబావి. దాదాజాన్‌కు నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దకొడుకు మాకు బడే అబ్బా. రెండోవారు మా నాన్నగారు. మూడోవారు చిన్న వయసులోనే అల్లాహ్‌కు ప్రియమయ్యారు. వారికి ఒక్కడే కొడుకు. నాలుగోవారైన చిన్న చచ్చా జిద్దాలో ఉద్యోగం. పెద్ద ఫుప్పును నల్లగొండ ఇచ్చారు, చిన్న ఫుప్పును యాకుత్‌పురా. బడే అబ్బా పిల్లలు ఐదుగురు, మేము నలుగురం, తండ్రి లేని ఆ అన్న ఒక్కడు, చచ్చా పిల్లలు ముగ్గురు, ఫుప్పులిద్దరి పిల్లలు ఆరుగురు. ఎండాకాలం సెలవుల్లో లెక్క సరిగ్గా 19కి వచ్చేది.

పెద్ద ఫుప్పు నల్లగొండ బస్సు దిగి ఎల్బీనగర్ నుండి రేకుపెట్టెతో, నలుగురు పిల్లలతో రిక్షాలో వచ్చేది. వారి తెలుగు నల్లగొండ తెలుగు. యాకుత్‌పురా పిల్లలకు తెలుగు బొత్తిగా వచ్చేది కాదు. మధ్యలో మేము. బడిలో తెలుగు, ఇంట్లో ఉర్దూ. ఎవరి భాషను ఎవరు వెక్కిరించాలన్న దానిపై ఏటా మొదటి వారం ఒక యుద్ధం జరిగేది. రెండోవారానికల్లా పాతబస్తీ పిల్లవాడు ‘చిర్రగోనె’ అని నోరారా పిలిచేవాడు, నల్లగొండ పిల్ల ‘లంగ్డీ’ అనేది. చిన్న చచ్చా జిద్దా నుండి ఉత్తరాల కన్న క్యాసెట్లే ఎక్కువగా పంపేవారు. అందరినీ పేరుపేరునా పలకరించి మాట్లాడిన అరగంట టేపును దాలాన్‌లో పెట్టి వినిపించేవారు. తన పేరు వచ్చినప్పుడు ఒక్కొక్కరు తల వంచుకునేవారు. తిరిగి పంపే క్యాసెట్‌లో మాట్లాడవలసి వచ్చినప్పుడు మాత్రం ఇంత అల్లరి గుంపులోనూ ఎవరికీ నోరు పెగిలేది కాదు.

మామిడికాయల రోజుల్లో బడే అబ్బా కొత్తపేట దగ్గరి గడ్డిఅన్నారం మార్కెట్ నుండి బుట్టల లెక్కన కాయలు తెచ్చేవారు. పచ్చళ్ళకు పోగా మిగిలినవి గడ్డిలో మాగవేస్తే, మాగేదాకా ఆగేవారెవరు? రాత్రిళ్ళు సహన్‌లో నవారు మంచాలు వరుసగా పడేవి. దాదీ మధ్య మంచం మీద కూర్చుని 1908 నాటి మూసీ వరద సంగతి చెప్పేది. ఆమె పుట్టక ముందరి మాట అది. ఆమె తండ్రి చెప్పగా విన్నది. అఫ్జల్‌గంజ్‌లోని చింతచెట్టు పైకెక్కి నూరుమందికి పైగా ప్రాణాలు దక్కించుకున్నారని ఆమె చెబుతుంటే, మేము చీకట్లో మా వేపచెట్టు కొమ్మలు లెక్కపెట్టి, 19 మందికి సరిపోతాయో లేదో చూసుకునేవారం.

దస్తర్‌ఖాన్ దగ్గర దాదీ నియమం ఒకటి ఉండేది. పిల్లలకు పెద్ద సీనీలలో వడ్డించేది, సీనీకి నలుగురు చొప్పున. ఒక కడుపున పుట్టిన ఇద్దరిని ఒకే సీనీ దగ్గర కూర్చోనిచ్చేది కాదు. ఎవరి తల్లి వడ్డిస్తే ఆమె చెయ్యి తన బిడ్డ వైపు వంగుతుందని ఆమె అనుమానం. అది నిజమే కూడా. బగారా అన్నంలోకి దాల్చా పోసి, మాంసం ముక్కలు తానే లెక్కపెట్టి వేసేది. నాలుగు ముక్కలూ ఒకే పరిమాణంలో లేకపోతే చిన్నముక్క వచ్చినవాడికి మూలిగ బొమిక. ఆ బొమిక కోసం కావాలనే చిన్నముక్క కోరుకునే గడుసువారు మాలో ఇద్దరుండేవారు. ఇది న్యాయం గురించిన పాఠమని అప్పుడెవరూ చెప్పలేదు, మేమూ అనుకోలేదు. ఆకలి వేళకు అదొక పద్ధతి, అంతే.

బిస్మిల్లా చదివించడం, రోజా రఖాయీ వంటి వేడుకలు ఈడు కలిసిన ఇద్దరు ముగ్గురికి ఒకేసారి చేసేవారు. నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు అనే హైదరాబాదీ లెక్క మా ఇంట ఎవరికీ కచ్చితంగా కుదరలేదు. ఒకరికి ముందు, ఒకరికి వెనుక. ఖర్చు కలిసి వస్తుందన్నదే అసలు కారణం. కాని తన తొలి ఉపవాసం నాడు పక్కన ఇంకో ఇద్దరు ఎండిన పెదవులతో కూర్చుని ఉంటే, ఆ మధ్యాహ్నం గడవడం తేలికయ్యేది.

ఇక ఒక ముఖ్యమైన సంగతి. మా దాదీకి చదువు రాదు. అయినా ఆమె దగ్గర ఒక ఖాతా ఉండేది. ఎవరి బిడ్డ ఎవరి పాలు తాగాడన్నది ఆ ఖాతా. ఉమ్మడి ఇంట్లో బాలింతలు ఇద్దరుంటే, ఒకరికి జ్వరం వచ్చినప్పుడు మరొకరు పాలివ్వడం మామూలే. బడే అబ్బా మూడో కొడుకును పురిటి జబ్బు వల్ల తల్లి నలభై రోజులు దగ్గరికి తీసుకోలేకపోతే, మా అమ్మ పాలిచ్చి సాకింది. దాంతో అతను మాకు చచాజాద్ కాదు, రజాయీ భాయి అయ్యాడు. షరీఅత్ దృష్టిలో తోడబుట్టినవాడితో సమానం. మా అక్కచెల్లెళ్ళకు అతని ముందు పరదా లేదు, వారితో అతనికి నికాహ్ ఎన్నటికీ లేదు. దివ్యఖుర్ఆన్‌లోని నిసా సూరా వివాహం నిషిద్ధమైన స్త్రీల జాబితాలో పాల తల్లులనూ పాల అక్కచెల్లెళ్ళనూ చేర్చింది.

దాదీ ఇందులోని మెలికలన్నీ ఎరుగును. పాలు తాగినవాడికి మాత్రమే ఈ బంధం, అతని తమ్ముళ్ళకు కాదు. పాలిచ్చిన తల్లికి మాత్రం ముందు పుట్టినవారూ తర్వాత పుట్టబోయేవారూ అందరూ అతనికి తోబుట్టువులే. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ మస్లక్‌లో పాలు తాగే వయసులో ఒక్క గుక్క దిగినా చాలు, షాఫయీలకు ఐదుసార్లు కావాలి. ఇంటికి వచ్చిన సంబంధం మాట ఎత్తగానే దాదీ కళ్ళు మూసుకుని ఏళ్ళ వెనక్కు పోయేది. ఒకసారి, దాదాపు ఖాయమైన ఒక సంబంధాన్ని, ‘వీడికి ఆర్నెల్లప్పుడు ఆ రాత్రి దీని తల్లే పట్టింది’ అన్న ఒక్క మాటతో ఆపేసింది. సాక్ష్యం పలకడానికి మరో ఇద్దరు ముసలమ్మలు కూడా బతికే ఉన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు.

మా ఇరుగుపొరుగు హిందూ కుటుంబాల వారికి మా వరుసలు వింతగా ఉండేవి. వారికి మేనమామ బిడ్డ బావ, మేనత్త బిడ్డ మరదలు. చిన్నాన్న కూతురు మాత్రం సొంత చెల్లెలే. మనకు ఇటు చచ్చా వైపు, అటు మామూ వైపు కూడా పెళ్ళి ధర్మసమ్మతం. వారిలో కొన్ని కులాల్లో మేనమామే అక్క కూతురిని చేసుకోవడం ఉంది, మనకు అది నిషిద్ధం. ఎదురింటి పెద్దమ్మ దాదీతో వారం వారం ఈ చర్చ పెట్టుకునేది. ఇద్దరూ ఒకరినొకరు ఒప్పించుకోలేక, చివరకు వక్కాకు పంచుకుని లేచేవారు. (చర్మం రంగు, ముక్కు తీరు మాత్రమే కాదు, రక్తంలోని జబ్బులు కూడా దగ్గరి సంబంధాల్లో రెండు వైపుల నుండీ వచ్చి కలుస్తాయి. ఇప్పుడు చచాజాద్ సంబంధం చేసుకోదలచిన ఇళ్ళవారు నికాహ్‌కు ముందు తలసీమియా రక్తపరీక్ష చేయించడం మంచిది. దాదీ ఖాతాలో లేని విషయం ఇదొక్కటే.)

ఆడపిల్లలకు పన్నెండు పదమూడేళ్ళు రాగానే సహన్‌లోని ఆటకు వారు రావడం ఆగిపోయేది. చచాజాద్, ఫూఫీజాద్ వారు మహ్రమ్‌లు కారు గనుక అది సరైనదే. కాని నిన్నటి దాకా గోలీల్లో మోసం చేసిందని జుట్టు పట్టుకున్న పిల్ల, ఇవాళ దాలాన్ పరదా వెనుక నుండి సలాం చెబితే ఆ వయసు పిల్లలకు ఏమి తోచాలి? ఈ మార్పును కొన్ని ఇళ్ళలో మాటామంతీ లేకుండా తెగతెంపులుగా చేస్తారు, మరికొన్ని ఇళ్ళలో అసలు పట్టించుకోరు. దాదీ రెండూ చేయలేదు. పరదా వేసింది, దాని రెండు వైపులా బంధుత్వం నడిపింది. పరీక్ష ఫలితాలు వచ్చినప్పుడు అటు నుండి మిఠాయి ఇటు వచ్చేది. ఈదీ పైసలు మామూలుగానే పంచేవారు. ఎవరికి జ్వరమొచ్చినా అవతలివారికి కబురు అందేది. ఆ అక్కచెల్లెళ్ళ పెళ్ళిళ్ళలో పందిరి గుంజలు పాతింది మేమే.

తండ్రి లేని ఆ అన్న గురించి వేరుగా చెప్పాలి. అతను మా అందరికన్న పెద్ద, మాటలో తక్కువ. తాత ఇంట, చచ్చాల మధ్య పెరిగే ఎతీమ్ పిల్లవాడి స్థితి ఎలాంటిదో మన ఉమ్మత్‌కు కొత్తగా చెప్పనక్కరలేదు. మన ప్రియప్రవక్త (స) బాల్యమే అది. ఎనిమిదేళ్ళ వయసులో తాత అబ్దుల్ ముత్తలిబ్ మరణించగా, పినతండ్రి అబూతాలిబ్ ఇంట ఆయన పిల్లలతో కలిసి పెరిగారు. ఆ తర్వాత కరవు కాలంలో అబూతాలిబ్ సంసారం బరువైనప్పుడు, అదే ఇంటి బిడ్డ అలీ (రజి)ని ప్రవక్త (స) తమ ఇంటికి తెచ్చుకుని పెంచారు. మరొక కొడుకు జాఫర్ (రజి)ను అబ్బాస్ (రజి) తీసుకున్నారు. జాఫర్ (రజి) ఏళ్ళ తరబడి అబిసీనియాలో ప్రవాసముండి హిజ్రీ 7లో ఖైబర్ విజయం నాటికి తిరిగి వచ్చినప్పుడు, ప్రవక్త (స) ఎదురేగి నుదుటిని ముద్దాడి, ఖైబర్ గెలిచినందుకు ఎక్కువ సంతోషించాలో జాఫర్ వచ్చినందుకు ఎక్కువ సంతోషించాలో తెలియడం లేదన్నారట. ఒక పినతండ్రి కొడుకు రాకను ఒక యుద్ధవిజయంతో తూచిన సందర్భమిది.

అదే ఏడు మక్కా నుండి మరలేటప్పుడు, ఉహద్‌లో షహీదైన హమ్జా (రజి) కూతురు వెంటపడి వచ్చింది. ఆ బిడ్డను ఎవరు పెంచాలన్న దానిపై అలీ, జాఫర్, జైద్ (రజి) ముగ్గురూ వాదులాడుకున్నారు. వద్దని కాదు, నాకంటే నాకని. జాఫర్ (రజి) భార్య ఆ పిల్లకు ఖాలా అవుతుంది గనుక, ఖాలా తల్లితో సమానమని చెప్పి ప్రవక్త (స) వారికే అప్పగించారు. హమ్జా (రజి) ప్రవక్తకు పినతండ్రి మాత్రమే కాదు, పాల సోదరుడు కూడా. దాదీ తన పాల ఖాతాకు ప్రమాణంగా ఈ సంగతినే చెప్పేది.

ఎతీమ్ మనవడి విషయంలో ఫిఖ్‌హ్‌లో ఒక చిక్కు ఉంది. తాత మరణించే నాటికి కొడుకులు బతికి ఉంటే, ముందే చనిపోయిన కొడుకు సంతానానికి వారసత్వంలో వాటా రాదు. అందుకే తాత తన ఆస్తిలో మూడోవంతుకు మించకుండా వసియ్యత్ రాయవచ్చు, బతికుండగానే హిబా చేయవచ్చు. ఆ వెసులుబాటును ఎంతమంది తాతలు వాడుకుంటారు? మా దాదాజాన్ వాడుకున్నారు. 500 గజాల్లో 100 గజాలు విడగొట్టి, ఆ అన్న పేర హిబా చేసి, కాగితం రిజిస్టరు చేయించి, కొడుకులు ముగ్గురినీ కూర్చోబెట్టి చదివి వినిపించారు. మిగిలింది 400 గజాలు. 1994లో దాదాజాన్ కన్నుమూశారు.

ఆ 400 గజాలను అప్పుడే పంచి ఉంటే ఈ వ్యాసానికి సగం విషయం ఉండేది కాదు. అప్పులు, వసియ్యత్ తీరగానే తర్కా పంచాలన్నది ధర్మం. కాని మన ఇళ్ళలో మయ్యిత్ లేచిన ఇంట పంపకం మాట ఎత్తడం అమర్యాద. అమ్మ బతికి ఉండగా ఇల్లు కొలవడం ఇంకా అమర్యాద. 2009లో దాదీ కూడా వెళ్ళిపోయింది. అప్పుడూ కొలవలేదు. ఈలోగా 2007లో ఎల్బీనగర్ మునిసిపాలిటీతో సహా శివారు పట్టణాలన్నీ కలిసి గ్రేటర్ హైదరాబాద్ అయింది. ద్రాక్షతోటలు కాలనీలయ్యాయి. తర్వాత మెట్రో వచ్చింది. దాదాజాన్ పోయిన నాడు ఎవరూ లక్ష్యపెట్టని గజం, 24 ఏళ్ళు గడిచేసరికి ఒక్కొక్కటి ఒక ఉద్యోగి నెలల జీతమైంది. పంపకాన్ని వాయిదా వేసినవారెవరూ దురాశతో వేయలేదని మేము ఇప్పటికీ నమ్ముతాం. మొహమాటంతో వేశారు. కాని మొహమాటం కూడబెట్టినదంతా దురాశ చేతికి వచ్చి పడింది.

2018 వేసవిలో ఇల్లు అమ్మే మాట వచ్చింది. కొనేవారి తరఫు వకీలు వారసులందరి సంతకాలు కావాలన్నాడు. ఫుప్పులిద్దరి కోసం హక్కు విడుదల పత్రాలు ముందే టైపు చేయించి సిద్ధంగా ఉంచారు. అడపడుచులు అన్నదమ్ములకు హక్కు మాఫ్ చేయడం మన సమాజంలో ఆచారంలా చెలామణి అవుతోంది. వాటా తీసుకుంటే పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో వారు సంతకం పెడతారు. పెట్టిన తర్వాత ఆ గడప ఎంతకాలం తెరిచి ఉంటుందో చూసినవారికే తెలుసు. బడే అబ్బా వాదం కూడా కొత్తదేమీ కాదు. ఇద్దరికీ ఘనంగా పెళ్ళిళ్ళు చేశాం, జహేజ్ ఇచ్చాం, వాళ్ళ వాటా అప్పుడే ముట్టింది అన్నారు. పెద్ద ఫుప్పు కలం అందుకుంది. ఆమె చెయ్యి వణికింది వయసు వల్లనో మరెందువల్లనో మాకు తెలియదు.

అప్పుడు మాట్లాడినవాడు ఆ ఎతీమ్ అన్న. ఆ 400 గజాల్లో అతనికి ఒక్క అంగుళం రాదు. ఎవరికి ఎంత పోయినా అతనికి ఒరిగేది లేదు. మనిషి బతికుండగా వారసత్వమే లేదు, దాదాజాన్ బతికి ఉండగా పెట్టిన జహేజ్ ఆయన చనిపోయాక తెరుచుకున్న తర్కాలో వాటా ఎలా అవుతుంది బడే అబ్బా, అని మెల్లగా అడిగాడు. అక్కడ ఉన్న ఒక పెళ్ళి కార్డు వెనుక లెక్క వేసి చూపాడు. దాదీకి ఎనిమిదో వంతు. మిగిలిన ఏడు వంతులు కొడుకుకు రెండు, కూతురికి ఒకటి చొప్పున. ముగ్గురు కొడుకులకు ఆరు, ఇద్దరు కూతుళ్ళకు రెండు, మొత్తం ఎనిమిది భాగాలు. అంటే ఆస్తిని 64 పాళ్ళు చేస్తే దాదీకి 8, ఒక్కొక్క కొడుక్కు 14, ఒక్కొక్క కూతురికి 7. గజాల్లో చెబితే దాదీకి 50, కొడుకుకు ఎనభై ఏడున్నర, కూతురికి నలభై మూడు ముప్పావు. దాదీ పోయాక ఆమె 50 గజాలు కూడా అదే నిష్పత్తిలో పిల్లలకే చేరాలి. అవి కలిపితే కొడుకులకు తలా పన్నెండున్నర, కూతుళ్ళకు తలా ఆరుంపావు పెరుగుతాయి. కొడుకుకు సరిగ్గా 100, కూతురికి సరిగ్గా 50. పావులూ ముప్పావులూ అన్నీ పోయి లెక్క అంత గుండ్రంగా తేలేసరికి గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. జిద్దా నుండి ఫోనులో వింటున్న చిన్న చచ్చా మాత్రం, ‘అమ్మ సీనీలో ముక్కలు ఇలాగే వేసేది’ అన్నారు.

విడుదల పత్రాలపై సంతకాలు కాలేదు. అమ్మకం ఎనిమిది నెలలు ఆగింది. బడే అబ్బా ఇంట్లో ఆ లెక్క వేసినవాడిపై కోపం మిగిలింది. అతని 100 గజాల హిబాను కూడా తవ్వి తీశారు. చివరకు చిన్న చచ్చా సెలవు పెట్టి వచ్చి, మసీదు ఇమాం సాహెబ్‌ను మధ్యవర్తిగా కూర్చోబెట్టి, ఎవరి సొమ్ము వారి ఖాతాలో పడేలా చేశారు. పెద్ద ఫుప్పు తన వాటాను పూర్తిగా చేతికి తీసుకుంది. చిన్న ఫుప్పు కూడా తీసుకుని, వారం తర్వాత కొంత భాగం బడే అబ్బా చిన్నకూతురి పెళ్ళికి తానే తెచ్చి ఇచ్చింది. ముట్టకముందే వదులుకోవడానికీ, ముట్టాక ఇవ్వడానికీ ఉన్న తేడా ఆ రోజు చిన్న ఫుప్పు నడకలో మాకు కనిపించింది. ముప్పై ఏళ్ళుగా పుట్టింటికి ఆమె అలా నడిచి రావడం చూడలేదు.

ఇల్లు పోయింది. వేపచెట్టు చోట ఇప్పుడు కార్లు నిలిపే సెల్లారు ఉంది. 2020 అక్టోబరు వానల్లో నాగోల్ వైపు కాలనీలు నీట మునిగినప్పుడు, బండ్లగూడలో మూడో అంతస్తులో ఉంటున్న మా ఇంటికి మొదట వచ్చిన ఫోను నల్లగొండ నుండి, పెద్ద ఫుప్పు కొడుకుది. రెండోది యాకుత్‌పురా నుండి. అదే వానకు పాతబస్తీ కూడా అల్లకల్లోలంగా ఉంది, అయినా చేశారు. తమ హక్కు ముట్టిన ఇళ్ళ నుండి వచ్చిన ఫోన్లవి. బడే అబ్బా పెద్దకొడుకు ఇల్లు మాకు కూతవేటు దూరం. అక్కడ నుండి ఫోను రాలేదు. మేము చేశాం. ఎత్తి, బాగున్నాం అన్నాడు, పెట్టేశాడు.

దైవప్రవక్త (స) పినతండ్రి కొడుకుల్లో అబూసుఫ్‌యాన్ బిన్ హారిస్ అని ఒకరున్నారు. (ఖురైష్ నాయకుడు అబూసుఫ్‌యాన్ వేరు.) ఆయనా హలీమా పాలు తాగినవాడే, బాల్యంలో ప్రవక్తకు ఎంతో దగ్గర. ఇస్లాం సందేశం వచ్చాక దాదాపు ఇరవై ఏళ్ళు ఎదురు నిలిచి, కవిత్వంతో ఎగతాళి చేశాడు. హిజ్రీ 8లో, మక్కా విజయానికి కాస్త ముందు, దారిలో ఎదురు వచ్చి క్షమాపణ కోరాడు. మొదట ప్రవక్త (స) ముఖం తిప్పుకున్నారు. అంత గాయపడ్డారు. తర్వాత మన్నించారు. కొద్ది వారాలకే హునైన్ లోయలో జనం చెదిరిపోయినప్పుడు ఆయన చెంత నిలిచినవారిలో ఈ అబూసుఫ్‌యాన్ (రజి) ఒకరు. ఇరవై ఏళ్ళ ఎడబాటు కూడా ముగియగలదని, అది ముగియడానికి ముందు ముఖం తిప్పుకోవలసిన ఘడియ ఒకటి ఉండవచ్చని సీరత్‌లోని ఈ ఘట్టం చెబుతోంది. మా ఇంట ఇంకా కొన్నేళ్ళే అయింది.

మా ఇళ్ళ పిల్లలు ఇప్పుడు 30 మందికి పైనే. బక్రీదు రెండోనాడు బండ్లగూడలో అందరినీ పిలవడం ఈ మధ్య మొదలుపెట్టాం. ఫ్లాటు చాలదు గనుక డాబా మీద షామియానా వేసి, ఆడవారికి ఒకవైపు, మగవారికి ఒకవైపు దస్తర్‌ఖాన్లు పరుస్తాం. సీనీలు అద్దెకు తెస్తాం. ఒక తల్లి పిల్లలను ఒకే సీనీ దగ్గర కూర్చోనివ్వని పని చిన్న ఫుప్పు తీసుకుంది. పాల ఖాతా కూడా ఆమెదే. దాదీలా తలలో కాదు, నోటు పుస్తకంలో రాసి పెట్టింది. కిందటి బక్రీదుకు బడే అబ్బా ఇంటి నుండి ఆయన చిన్నకూతురు ఇద్దరు పిల్లలతో ఆటోలో వచ్చింది, ఒంటరిగా. ఆ పిల్లలను తీసుకుపోయి ఎతీమ్ అన్న మనవల మధ్య కూర్చోబెట్టింది ఫుప్పు. పక్కవాడు మీకేమవుతాడని మేము అడిగితే, వాళ్ళు తినడం ఆపి తల్లి ఎక్కడుందా అని వెతికారు.